చిన్నపిల్లలతో హాలోవీన్: అరికాలి దెయ్యం, పాల డబ్బా దీపాలు, కత్తి పెట్టని గుమ్మడికాయ

అక్టోబరు మొదలవగానే మా ఇంట్లో ఖాళీ పాల డబ్బాలు పారేయడం ఆపేస్తాను. వారానికి రెండు గ్యాలన్ల పాలు, అందులో ఒకటి పెరుగు తోడుకే పోతుంది. నెల తిరిగేసరికి ఏడెనిమిది డబ్బాలు పోగవుతాయి. టాయిలెట్ పేపర్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టాల్ని కూడా ఒక సంచిలో వేసి ఉంచుతాను. అక్టోబరు 31న హాలోవీన్. ఆ సాయంత్రం పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ మిఠాయిలకి తిరుగుతారు, దాన్నే ట్రిక్ ఆర్ ట్రీట్ అంటారు. అప్పుడు మా గుమ్మం ముందు కనిపించే అలంకరణలో సగం ఈ రెండింటితో చేసినదే.

అమెరికాలో చిన్నపిల్లలున్న తెలుగు ఇళ్లకి ఈ నెల ఎంత హడావిడిగా ఉంటుందో తెలిసిందే. బతుకమ్మ, దసరా, బొమ్మల కొలువు, ఆ వెనకే దీపావళి. 2024లో అయితే దీపావళి, హాలోవీన్ రెండూ ఒకే రోజు వచ్చాయి. ఆ టెన్షన్‌లో చాలామంది దుకాణంలో రెడీమేడ్ బొమ్మలు నాలుగు కొని గుమ్మానికి తగిలించేస్తారు. తప్పేమీ లేదు. కానీ అందులో పిల్లల చెయ్యి ఉండదు. నేను ఇక్కడ చెప్పేవన్నీ రెండేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు తమ చేతులతో చేయగలిగినవి. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట పడుతుంది. ఆ వయసు పిల్లలు అంతకన్నా ఎక్కువసేపు ఒకచోట కూర్చోరు, మనం కూర్చోబెట్టకూడదు కూడా.

ముందు భయం సంగతి

మా పాపకి మూడేళ్లప్పుడు ఒక దుకాణంలోకి తీసుకెళ్లాను. లోపల తలుపు పక్కనే నిలువెత్తు అస్థిపంజరం ఉంది. మనిషి దగ్గరికి రాగానే కళ్లలో ఎర్ర లైట్లు వెలిగి పెద్దగా నవ్వే రకం. పాప నా మెడ పట్టుకుని ఇంటికొచ్చేదాకా వదల్లేదు. తర్వాత వారం రోజులు పక్కింటి ముందు నుంచి నడవడానికి కూడా ఒప్పుకోలేదు, వాళ్ల పచ్చికలో ప్లాస్టిక్ సమాధి రాళ్లు ఉన్నాయని. మూడు, నాలుగేళ్ల పిల్లలకి అది బొమ్మే అని మనం ఎంత చెప్పినా పూర్తిగా నమ్మకం కలగదు. ముసుగు వేసుకున్న నాన్న నాన్నే అని కూడా వాళ్లకి గట్టిగా తోచదు.

ఆ ఏడాది ఆ భయాన్ని పోగొట్టింది నా మాటలు కావు, ఆ పిల్ల తన కాలితో తనే చేసుకున్న దెయ్యం. తను పుట్టించిన దెయ్యానికి తను భయపడలేదు. దానికి ఒక పేరు పెట్టి, పక్కన పడుకోబెట్టుకుంది కూడా. అప్పటి నుంచి మా ఇంట్లో హాలోవీన్ పనులన్నీ ఆ దెయ్యంతోనే మొదలవుతున్నాయి. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

అరికాలి దెయ్యం

కావలసినవి: నల్ల కన్‌స్ట్రక్షన్ పేపర్ (మందపాటి రంగు కాగితం), కడిగితే పోయే తెల్ల పెయింట్, అంగుళం వెడల్పున్న బ్రష్, నల్ల మార్కర్. వీటికన్నా ముఖ్యమైనవి ఒక చిన్న టబ్బులో గోరువెచ్చని నీళ్లు, ఒక పాత తువ్వాలు. పెయింట్ మూత తీయకముందే ఈ రెండూ పిల్ల కాళ్ల దగ్గర ఉండాలి. రంగు కాలితో పిల్ల బాత్రూమ్ దాకా నడిస్తే మిగతా సాయంత్రమంతా కార్పెట్ కడగడానికే సరిపోతుంది.

పిల్లని చిన్న పీట మీద కూర్చోబెట్టండి. పేపర్‌ని ఒక గట్టి అట్ట మీద పెట్టి, కదలకుండా నాలుగు మూలలా టేప్ వేయండి. ఇప్పుడు అరికాలికి పెయింట్ పూయాలి. మడమ దగ్గర మొదలుపెట్టి వేళ్ల వైపు రండి. ఎందుకంటే వేళ్ల దగ్గరికి రాగానే చక్కిలిగింతలకి కాలు లాగేసుకుంటారు, అప్పటికి మడమ పని అయిపోయి ఉంటుంది. పెయింట్ పలచగా ఉండాలి. ఎక్కువైతే వేళ్ల సందుల్లో నిండి, అచ్చులో వేళ్లన్నీ కలిసిపోయి ముద్దలా పడుతుంది. అరికాలి మధ్య గుంట చాలామంది పిల్లలకి నేలకి ఆనదు, అక్కడ ఇంకోసారి బ్రష్ తిప్పండి.

మూడేళ్లు దాటిన పిల్లలైతే పేపర్ మీద కాలు మోపి ఒక్కసారి గట్టిగా నొక్కి, నిటారుగా పైకి ఎత్తమనండి. ఇంకా చిన్నవాళ్లైతే కాలు పేపర్ దగ్గరికి తేవద్దు, అట్టనే ఎత్తి అరికాలికి ఆనించండి. జారకుండా అచ్చు చక్కగా పడుతుంది. వెంటనే కాలు టబ్బులో పెట్టించండి.

ఇక అసలు సరదా. పేపర్‌ని తలకిందులు చేయండి. మడమ పైకి వచ్చి గుండ్రటి తల అవుతుంది, ఐదు వేళ్లూ కిందికి వచ్చి దెయ్యం గౌను అంచు అవుతాయి. ఆ తిప్పడం పిల్లల చేతే చేయించండి. అప్పటిదాకా కాలిగా ఉన్నది ఒక్కసారిగా దెయ్యం అయిపోయిన క్షణంలో వాళ్ల ముఖం చూడాలి. గంట ఆరాక నల్ల మార్కర్‌తో రెండు కళ్లు, నోరు వాళ్లే గీస్తారు. ఒక కన్ను పైకి, ఒకటి కిందికి పోయినా మీరు మార్కర్ తీసుకుని దిద్దకండి. వెనక పక్క తేదీ, వయసు రాసి పెట్టండి. మా దగ్గర ఇప్పుడు మూడేళ్ల అచ్చులు వరుసగా ఉన్నాయి. మొదటి ఏడాది పాదం ఇప్పటి పాదం పక్కన ఎంత చిన్నగా కనిపిస్తుందో.

అట్ట గొట్టం గబ్బిలాలు

టాయిలెట్ రోల్ అట్ట గొట్టానికి పిల్లల చేత నల్లరంగు వేయించండి. రంగంటే విసుగైతే నల్ల కాగితం చుట్టి గ్లూ పెట్టినా సరే. ఆరాక గొట్టం పై అంచుని ముందు వైపు బొటనవేలితో లోపలికి నొక్కండి, తర్వాత వెనక వైపు కూడా అలాగే. రెండు పక్కలా రెండు మొనలు లేస్తాయి, అవే గబ్బిలం చెవులు. కత్తెర లేదు, గ్లూ లేదు. ఈ ఒక్క నొక్కుడు కోసం మా బాబు పది గొట్టాలు అడుగుతాడు.

రెక్కలకి పిల్లల రెండు చేతులూ నల్ల కాగితం మీద పెట్టించి చుట్టూ తెల్ల క్రేయాన్‌తో గీసి, మీరు కత్తిరించి, గొట్టం వెనక అతికించండి. విడిగా చాచిన వేళ్లు అచ్చం గబ్బిలం రెక్క అంచులాగే కనిపిస్తాయి. నిజం గబ్బిలం రెక్క కూడా పొడుగాటి వేళ్ల మధ్య సాగిన చర్మమే, ఆ మాట పిల్లలకి చెప్పండి. వాళ్లు తమ వేళ్లు చాచి చూసుకుంటారు.

కళ్లకి దుకాణంలో దొరికే చిన్న ప్లాస్టిక్ కనుగుడ్లు (గూగ్లీ ఐస్) అతికించాలని అనిపిస్తుంది. మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఆ పని చేయకండి. గ్లూ ఎండాక అవి ఊడి కింద పడతాయి, పడినవి నేరుగా నోట్లోకి పోతాయి. గుండ్రటి తెల్ల స్టిక్కర్ కాగితం మీద మార్కర్‌తో చుక్క పెడితే చాలు. చిన్న వస్తువు ఏదైనా గొంతుకి అడ్డం పడుతుందేమో తేల్చుకోవాలంటే ఈ అట్ట గొట్టమే కొలత. గొట్టంలోంచి జారిపోయే వస్తువు ఏదైనా మూడేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు.

పేపర్ ప్లేట్ సాలెగూడు

ఇది నాలుగేళ్లు దాటినవాళ్లకి. పేపర్ ప్లేట్ అంచు చుట్టూ అర అంగుళం లోతున పది, పన్నెండు గాట్లు మీరు పెట్టి ఇవ్వండి. తెల్ల ఊలు దారం ఒక కొస ప్లేట్ వెనక టేప్‌తో అంటించి, రెండో కొసకి షూ లేసు చివర ఉన్నట్టు టేప్ బిగుతుగా చుట్టండి. దారం పోగులు విడిపోకుండా పిల్లల వేళ్లకి పట్టు దొరుకుతుంది. ఒక గాటులోంచి ఎదురు గాటుకి, అక్కడి నుంచి ఇంకో గాటుకి, వాళ్లకి తోచినట్టు లాగనివ్వండి. దారం ఎటు పోయినా చివరికి సాలెగూడే అవుతుంది, తప్పు అనేదే ఉండదు. అందుకే పెన్సిల్ సరిగ్గా పట్టుకోవడం రాని పిల్లలకి కూడా ఇది ధైర్యాన్నిస్తుంది. మొన్న మా అత్తయ్యగారు పక్కన కూర్చుని చూసి, "ఇదేదో మెలికల ముగ్గులా ఉందే" అన్నారు. మరుసటి రోజు ఇద్దరూ కలిసి చుక్కలు పెట్టి ఇంకొకటి అల్లారు.

సాలీడుకి గుడ్ల అట్టలోంచి ఒక గిన్నె కత్తిరించి నల్లరంగు వేస్తే ఒళ్లు తయారు. కాళ్లు ఎనిమిది. పైప్ క్లీనర్లు అనే బొచ్చు పుల్లలు వాడితే లోపల తీగ ఉంటుంది కాబట్టి కొసలు వెనక్కి మడవండి. ఒక్కో కాలు పెడుతూ తెలుగులో ఎనిమిది దాకా లెక్కపెట్టించండి.

సాలెగూడు ఇంటి లోపలో, కిటికీ లోపలి వైపో తగిలించండి. బయట చెట్లకీ పొదలకీ సాగదీసి చుట్టే దూది లాంటి సాలెగూళ్లు దుకాణాల్లో అమ్ముతారు. వాటిలో చిన్న పిట్టలు, తేనెటీగలు చిక్కుకుపోతాయి. దయచేసి వాటిని బయట కట్టకండి.

కత్తి పెట్టని గుమ్మడికాయ

మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు మా అత్తయ్యగారు వీధిలో ఇంటింటి ముందూ పళ్లు ఇకిలిస్తున్న గుమ్మడికాయల్ని చూసి, "ఇది మన దిష్టి గుమ్మడికాయే కదమ్మా" అన్నారు. ఆమె మాటలో నిజముంది. మనం కొత్త ఇంటికి బూడిద గుమ్మడికాయ కడతాం, కోరలున్న దిష్టి బొమ్మ పెడతాం. ఐర్లాండ్, స్కాట్లండ్‌లలో పూర్వం చలికాలం మొదలయ్యే రాత్రి ఆత్మలు తిరుగుతాయని నమ్మేవారు. వాటిని గుమ్మం దాటి రానివ్వకుండా టర్నిప్ దుంపల్ని తొలిచి, ముఖాలు చెక్కి, లోపల దీపం పెట్టేవారు. 1840లలో కరువు తట్టుకోలేక ఐర్లాండ్ నుంచి లక్షల మంది అమెరికాకి వచ్చారు. ఇక్కడ గుమ్మడికాయ దొరికింది. టర్నిప్ కన్నా పెద్దది, తొలవడం చాలా తేలిక. పిల్లలు "ఎందుకు?" అని అడిగితే ఈ కథ చెప్పండి. మన ఊరి గుమ్మానికీ ఆ గుమ్మానికీ ఉన్న చుట్టరికం వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

చెక్కడం మాత్రం ఆరేళ్ల లోపు పిల్లల పని కాదు. గుమ్మడి తొక్క గట్టిది, కత్తి జారుతుంది. పైగా చెక్కిన కాయ ఐదారు రోజుల్లోనే మెత్తబడి బూజు పడుతుంది. చెక్కాలని ఉంటే పండక్కి రెండు రోజుల ముందు మీరు చెక్కండి, గింజలు చేత్తో లాగే పని పిల్లలకి ఇవ్వండి. పిల్లలకంటూ ఒక్కొక్కరికి చిన్న కాయ ఒకటి ఇచ్చి రంగు వేయించండి. కోయని కాయ చల్లటి చోట ఉంటే నవంబరు నాలుగో గురువారం, థాంక్స్‌గివింగ్ దాకా కూడా ఉంటుంది.

1. నున్నగా ఉండి, దొర్లకుండా నిలబడే కాయని ఎంచుకోండి. గోరుతో నొక్కితే దిగకూడదు. కాయని తొడిమ పట్టుకుని ఎత్తొద్దని పిల్లలకి ముందే చెప్పండి. తొడిమ విరిగితే కుళ్లు అక్కడే మొదలవుతుంది.

2. తడిగుడ్డతో మట్టి తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద రంగు పట్టదు.

3. పిల్లలకి కడిగితే పోయే పెయింటే ఇవ్వండి. అది గుమ్మడి నున్నదనం మీద జారుతుంది కాబట్టి, మూడు చెంచాల పెయింట్‌కి ఒక చెంచా తెల్ల స్కూల్ గ్లూ కలపండి. అప్పుడు అంటుకుంటుంది.

4. కాయ కింద పాత గిన్నె గానీ టేప్ చుట్ట గానీ పెడితే కదలదు. ఒక వైపు వేసి, ఆరాక రెండో వైపు.

5. వాన పడని చోట, వసారా కప్పు కింద పెట్టండి. ఈ పెయింట్ వానకి కారిపోతుంది.

రెండేళ్ల పిల్లలకి ఈ మాత్రం పెయింట్ కూడా ఎక్కువ అనిపిస్తే మాస్కింగ్ టేప్ ముక్కలు, స్టిక్కర్లు ఇవ్వండి చాలు. స్టిక్కర్ వెనక కాగితం ఒలవడమే వాళ్లకి పెద్ద పని.

పాల డబ్బా దీపాలు

నాకు అన్నింటికన్నా ఇష్టమైనది ఇదే. చీకటి పడ్డాక ఇంటి దారి పొడుగునా తెల్లగా మెరిసే ముఖాలు. పైగా కొన్నది దీపాలు మాత్రమే.

తెల్లగా, వెలుగు లోపలి నుంచి బయటికి కనిపించే గ్యాలన్ డబ్బాలు కావాలి. సబ్బు నీళ్లతో కడిగి, మూత తీసి రెండు రోజులు బోర్లించండి. ఈ పని వదిలేస్తే పాల వాసన పోదు. పై కాగితాన్ని వేడినీళ్లలో నానబెట్టి ఒలిచేయండి. డబ్బాకి పిడి ఉన్న వైపు వెనక అనుకోండి. ఆ వెనక వైపు కింది భాగంలో మీ గుప్పిలి పట్టేంత కన్నం కత్తితో మీరు కోయండి. పిల్లలు పక్కన లేనప్పుడు ఈ పని పూర్తి చేసి, కోసిన అంచు చుట్టూ టేప్ వేసి ఉంచండి. అప్పుడు పిల్లల్ని పిలిచి, నల్ల పర్మనెంట్ మార్కర్ ఇచ్చి ముఖాలు గీయమనండి. మామూలు స్కెచ్ పెన్ను ఈ ప్లాస్టిక్ మీద నిలవదు. బట్టల మీద ఈ మార్కర్ పడితే పోదు కాబట్టి పాత చొక్కా వేయండి. నవ్వే ముఖం, నిద్రపోయే ముఖం, ఆవలించే ముఖం. మా పాప ఒక దానికి బొట్టు కూడా పెట్టింది.

గాలికి ఎగరకుండా ప్రతి డబ్బాలో రెండు గుప్పిళ్ల గులకరాళ్లు పోసి, లోపల బ్యాటరీ టీ లైట్ పెట్టండి. కొవ్వొత్తి, ప్రమిద మాత్రం వద్దు. దీపావళికి తెచ్చిన ప్రమిదలు ఇంట్లోనే ఉన్నాయి కదా అనిపిస్తుంది, కానీ ప్లాస్టిక్ డబ్బా అంటుకుంటుంది. పొడుగాటి కాస్ట్యూమ్‌ల అంచులు మెట్ల మీద రాసుకుంటూ పోయే రాత్రి అది. చెక్కిన గుమ్మడికాయల్లో కూడా బ్యాటరీ దీపమే పెట్టండి.

ఆ బ్యాటరీ దీపం విషయంలో ఇంకో జాగ్రత్త. చాలా టీ లైట్లలో నాణెంలా ఉండే చిన్న బటన్ బ్యాటరీ ఉంటుంది. పిల్లలు దాన్ని మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలినట్టు పుండు చేస్తుంది. ప్రాణాల మీదకి వస్తుంది. 2022లో అమెరికా ఈ బ్యాటరీల మీద రీస్ చట్టం తెచ్చింది, బటన్ బ్యాటరీ మింగి చనిపోయిన ఒక చిన్నారి పేరు మీద. బ్యాటరీ అర పిల్లలు తెరవలేని విధంగా ఉండాలని ఆ చట్టం చెబుతుంది. కాబట్టి అడుగున స్క్రూ ఉన్న దీపాలే కొనండి. ఎప్పుడో కొన్న పాతవి ఉంటే తిప్పి చూడండి. గోటితో తెరుచుకుంటే పిల్లలున్న ఇంట్లో వాడకండి.

మిఠాయి గిన్నె దగ్గర

రంగు వేసిన గుమ్మడికాయల్లో ఒకదానికి నీలం, ఆకుపచ్చ కలిసిన టీల్ రంగు వేయించండి. ఆ రంగు గుమ్మడికాయ గుమ్మం ముందు ఉంటే, తిండి కాని బహుమతులు కూడా ఈ ఇంట్లో ఉన్నాయని అర్థం. పల్లీలు, జీడిపప్పు, పాలు పడని పిల్లలున్న కుటుంబాలు దాన్ని చూసి ధైర్యంగా తలుపు తడతాయి. 2014 నుంచి అమెరికా అంతటా ఈ అలవాటు వ్యాపించింది. శాకాహారం తినే మన పిల్లలకి కూడా ఇది సుఖం, ఎందుకంటే చాలా గమ్మీల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. స్టిక్కర్లు, పెన్సిళ్లు వేరే గిన్నెలో పెట్టండి. రెండు గిన్నెలూ కలపకండి, పొడి అంటినా పడని పిల్లలుంటారు.

ఆ సాయంత్రం మీ పిల్లలు ట్రిక్ ఆర్ ట్రీట్‌కి వెళ్లేముందు ఒకసారి మీ ఇంటి దారి చివర నిలబెట్టి, వాళ్లు చేసినవన్నీ అక్కడి నుంచి చూపించండి. ఏది ఎవరు చేశారో వాళ్లే చెప్తారు.

నవంబరులో

పాల డబ్బాల్లోంచి ముందు దీపాలు తీసి, లెక్కపెట్టి పై అరలో పెట్టండి. గబ్బిలాలు, సాలెగూళ్లు షూ పెట్టెలో పడుకోబెడితే వచ్చే ఏడాదికి పనికొస్తాయి. రంగు వేసిన కాయల్ని ఉడతలకి వదలకండి, వండుకోకండి కూడా. చెక్కడానికి అమ్మే పెద్ద కాయలు కూరకి నీళ్లగా, పీచుగా ఉంటాయి. అందుకే అక్టోబరులో కొనేటప్పుడే ‘పై’ (pie) అనే తీపి వంటకానికని అమ్మే చిన్న తీపి గుమ్మడికాయ ఒకటి వేరుగా తెచ్చి, స్టిక్కర్ కూడా అంటించనివ్వకుండా వంటింట్లో దాచండి. దప్పళంలోకి అదే బాగుంటుంది.